సుంకయ్య ఆపిన ఊపు

సుంకయ్యని చూడాలంటే ముందు ఆయన పొట్టని చూడాల. పొట్ట వచ్చి అరుగు మీద కూర్చున్నాక, వెనకాల తీరిగ్గా సుంకయ్య వచ్చేవాడంట. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నా. చిలకపాడులో ఎవరింటికన్నా ఆయన పోతే, గడపలో పొట్ట కనపడగానే ఇంటి ఇల్లాలు లేచి, పీట వాల్చి, బావిలో నీళ్ళు తోడి, చెంబు కడిగి, నీళ్ళు పోసి అక్కడ పెట్టేసరికి అప్పుడు మనిషి లోపలికొచ్చేవాడనుకో. పొద్దున పూట ఆయన సద్దన్నం తింటావుంటే, ఇదేదో వాన పడేట్టుందే అని కోళ్ళు గూట్లోకి పోయేయ్యంట, ఆ నమిలే చప్పుడికి. ఇంతకీ ఆ పొట్టకో చిత్రముంది. ఆయన జన్మలో ఎడంపక్కకి తిరిగి పడుకోలా. పుట్టిన కాడ్నించీ కుడిపక్కే. అందుకని ఏమైందంటే, కడుపు నిండితే పొట్ట మొత్తం కుడిపక్కకి ఒరుగుద్ది, ఎద్దులబండి ఒకపక్కకి బరువేసినట్టు. పొట్టతో పాటు బొడ్డు కూడా కుడికి పోద్ది. ఆకలేసిందనుకో, మళ్ళీ మెల్లిగా జరిగి నడిమధ్యకొచ్చి కూర్చుంటది. ఆయన బొడ్డు ఏడుందో చూసి, భోంచేశాడా లేదా అని ఊళ్ళో జనం చెప్పేవాళ్ళంట.

మనిషి అంత ఉన్నా, మనవల్ని ఎత్తిన వయసొచ్చినా ఆయనకి సెంటు భూమి లేదు. ఆయనా, ఆయన పెళ్ళాం ఆదెమ్మా బతికేదల్లా వాగులో ఇసకతిన్నె మీద. చిలకపాడుకీ, అవతల ఒడ్డు బూరుగుపల్లెకీ మధ్యన నక్కలవాగు ఉంది గదా, వానాకాలం నీళ్ళు తీశాక దాని నడుమ ఇంత పొడుగున తిన్నె తేలుద్ది. ఆ ఇసకలో పుచ్చగింజ వేస్తే ఎట్టాంటి కాయ కాసేదనుకున్నారు? బండికి ఒక్కటే పట్టేది. ఒకసారి ఒక కాయకి చిన్న కంత పెడితే పిల్లకాయలు అందులోంచి లోపలికి దూరి, తింటా తింటా పోయి, అవతలి పక్క తొక్క చీల్చుకుని మూతులు తుడుచుకుంటా బయటికొచ్చారంట. మరి అట్టాంటి తిన్నెకి రెండూళ్ళూ కొట్టుకోకుండా ఉంటాయ్యా? కొట్టుకున్నాయ్. కుర్రోళ్ళు కర్రలు తీసుకుని తలలు పగలగొట్టుకున్నారు. అప్పుడు రెండూళ్ళ పెద్దోళ్ళూ కూర్చుని ఏమనుకున్నారంటే, ఈ కుర్రోళ్ళ చేతిలో కర్ర పెడితే రక్తం కారతావుంది, మన చేతిలోకి తీసుకుంటే మహా అయితే నడుం పడుద్ది, కాబట్టి మనవడో మనవరాలో ఎత్తినోళ్ళు మాత్రమే ఏటా ఒకరోజు బిళ్ళంగోడు ఆడాల, గెలిచిన ఊరు ఆ యేడు తిన్నె మీద పాదు పెట్టుకోవాల, రెండో ఊరు నోరెత్తగూడదు, అని తీర్మానం చేశారంట.

నేను చెప్పబోయే ఆటకి ముందటేడు చిలకపాడు ఓడిపోయింది. ఓడిపోతే సుంకయ్యా ఆదెమ్మా ఏం చేస్తారు? ఇంటికి తడికేసి, మూటా ముల్లే నెత్తినబెట్టుకుని, ఎక్కడో తెలియని ఊళ్ళకి మిరపకోతలకి పోయారు. ఆ పొట్టేసుకుని సుంకయ్య మిరపచెట్టు ముందు వంగితే కాయ కనపడదు, కనపడితే చెయ్యి అందదు. ఆయన వంతు కూడా ఆదెమ్మే కోసింది. కోసి కోసి, ఆమె వేళ్ళు మంటలెత్తి, బొబ్బలెక్కి, అన్నం ముద్ద పట్టుకోటానికి లేకపోయింది. ఆ కోతలన్నాళ్ళూ సుంకయ్యే కలిపి ఆమె నోట్లో ముద్దలు పెట్టాడంట. ఈయేడు కూడా ఓడామా, మళ్ళీ అదే దారి. అది ఒక్కటే ఆయన బుర్రలో గిర్రున తిరగతా ఉంది. ఆట రోజు పొద్దున ఆదెమ్మ తొట్టెడు సద్దన్నం పెట్టి, "తిను. తిన్నదంతా ఆ కర్రలోకి రావాల. ఇంకోసారి ఆ మిరపతోటలోకి నేను రాను, చెబుతున్నా" అందంట. సుంకయ్య తొట్టి నాకి లేచాడు.

ఆగండి, ఆటలోకి పోయేముందు దాని చట్టం చెప్పాల. చట్టం తెలవకపోతే మీకు మజా తెలవదు. మొట్టమొదటి యేడు బూరుగుపల్లెలో యల్లమంద అని ఒక ముసలాయన దిగాడు. సన్నగా, చువ్వలాగా ఉంటాడు, బుర్రంతా జిత్తులే. అవతలోడు బిళ్ళ విసిరితే ఈయన కొట్టడు. ఊరికే కర్ర అడ్డం పెట్టి తడతాడు, పిల్లి పాలగిన్నెని ముట్టినట్టు. బిళ్ళ పోయి ఆయన కాలివేలు ముందే పడుద్ది. ఎవరూ గాల్లో పట్టుకోలేరు, పట్టుకోకపోతే ఔటు కాడు. పొద్దున తట్టాడు, మధ్యాన్నం తట్టాడు, మర్నాడొచ్చి మళ్ళీ తట్టాడు. కూతురు కంచం తెచ్చిస్తే ఒక చేత్తో అన్నం తింటా రెండో చేత్తో తట్టాడంట! అట్టా తట్టతా తట్టతా ఉండంగానే విత్తే అదను కాస్తా దాటిపోయి, ఆ యేడు ఎవరికీ ఒక్క కాయ లేకుండా పోయింది. ఇట్టా కాదని రెండూళ్ళూ మళ్ళీ కూర్చుని చట్టం రాసినంత గట్టిగా చెప్పుకున్నారు. కర్ర భుజం వెనకనించి రావాల. ముందుకి ఊగాల. బొడ్డు దాటాల. దాటితేనే అది ఊపు. తట్టుడు చెల్లదు, గెంటుడు చెల్లదు, గోకుడు అసలే చెల్లదు. బొడ్డు దాటాక బిళ్ళ తగలకపోతే ఆ ఊపు పోయినట్టే, బొడ్డు దాటకముందే ఆపుకుంటే ఊపనట్టే. మనిషికి మూడు ఊపులు. ఎవరి బిళ్ళ ఎక్కువ దూరం పడితే ఆ ఊరిది తిన్నె. మరి బొడ్డే ఎందుకయ్యా అంటే, ముసలోళ్ళకి నడుములు వంగి, భుజాలు జారి, మోకాళ్ళు పక్కకి పోయి, ఏది ఏడుందో వాళ్ళకే తెలవదు. బొడ్డొక్కటే నమ్మకంగా ఉంటది. అప్పటికి సుంకయ్య బొడ్డు సంగతి ఎవరూ ఆలోచించలా, అదీ జరిగిన పొరపాటు.

ఆ బొడ్డు దాటిందా లేదా అని తీర్పు చెప్పేదెవరు? మంత్రసాని పేరక్క. రెండూళ్ళలోనూ ఆమె కొయ్యని బొడ్డు లేదు. ఆమె వయసెంతో ఎవరికీ తెలవదు, వాగు పుట్టినప్పుడు కూడా ఆమే పురుడు పోసిందంటారు. ఇంత లావు మీసాలున్నోడు వచ్చి "అదేంది పేరక్కా, అన్యాయం" అంటే, "నోర్ముయ్యి. నువ్వు పుట్టి ఏడవకపోతే పిర్ర మీద కొట్టి ఏడిపించింది నేను, ఇప్పుడు కూడా కొట్టగలను" అనేది. వాడు మీసం దించుకుని పక్కకి పోయేవాడు. ఆమెకి ఒకటే షరతు. ఆట మధ్యలో ఎవరికన్నా నెప్పులొచ్చి పిలుపొస్తే ఆమె పోద్ది. ఆమె తిరిగొచ్చిందాకా ఎక్కడిది అక్కడ ఆగాల. పడ్డ బిళ్ళ పడ్డచోటే ఉండాల, లేచిన కర్ర లేచినచోటే ఉండాల.

సరే, తిన్నె మీద ఆట మొదలైంది. బూరుగుపల్లె తరఫున కోటప్ప కొట్టాడు. ఈ కోటప్ప ఎవరనుకున్నారు, ఆదెమ్మకి సొంత తమ్ముడు, సుంకయ్యకి బావమరిది. కొట్టిన దెబ్బకి బిళ్ళ పోయి వాగు అవతల ఈతచెట్టు మొదట్లో పడింది. అంత దూరం ఎవరూ కొట్టలా అప్పటిదాకా. చిలకపాడు ముసలోళ్ళు ఒక్కొక్కళ్ళే దిగి కొట్టారు, చాలలా. వాళ్ళలో చెవిటి రోశయ్యని ఒకాయన ఎంత కోపంగా ఊపాడంటే, బిళ్ళ ఇక్కడే పడింది గానీ నోట్లో కట్టుడుపళ్ళు మాత్రం ఎగిరిపోయి ఈతచెట్టు దాటి పడ్డాయంట! గెలిచాం గెలిచాం అని చిలకపాడు జనం గంతులేస్తే, పళ్ళు లెక్కలోకి రావు అని పేరక్క ఒక్క అరుపు అరిచింది. చివరాఖరికి మిగిలింది సుంకయ్య.

సుంకయ్య వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా బిళ్ళ పట్టుకుని కోటప్ప. "ఏం బావా, కర్ర కనపడతా ఉందా పొట్ట మీదనించి?" అన్నాడు కోటప్ప. "కర్ర కనపడకపోయినా నీ మొహం కనపడతా ఉందిలేరా, అదే చూసి కొడతా" అన్నాడు సుంకయ్య. "మా అక్కని మళ్ళీ మిరపకోతలకి తీసుకుపోతావేమో, ఈసారి గొడుగన్నా కొనిపెట్టు" అన్నాడు వాడు. దూరాన ఆడోళ్ళలోంచి ఆదెమ్మ లేచి, "నా సంగతి నీకెందుకురా కోటిగా, బిళ్ళ సరిగ్గా ఎయ్యి!" అని అరిచింది. అందరూ ఒకటే నవ్వు. కోటప్ప విసిరాడు. సుంకయ్య ఊపాడు. అబ్బ, ఆ ఊపుకి లేచిన గాలికి చుట్టూ ఉన్నోళ్ళ తలగుడ్డలన్నీ లేచిపోయి తుమ్మకంపల మీద ఆరేసినట్టు పడ్డాయంట. కానీ బిళ్ళ తగల్లా. ఒకటి పోయింది. రెండోది విసిరాడు. మళ్ళీ ఊపాడు. వాగులో నీళ్ళు ఇటునించి అటు జరిగినయ్యి గానీ బిళ్ళ తగల్లా. రెండు పోయినయ్యి.  సుంకయ్యకి కళ్ళ ముందర బిళ్ళ లేదు, ఈతచెట్టు లేదు, ఎర్రటి మిరపతోట ఒక్కటే ఉంది.

ఏమైందంటే, కోటప్ప మూడో బిళ్ళ విసరబోతా ఉండగా, బూరుగుపల్లె వైపునించి ఒక ఆడమనిషి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పరిగెత్తుకుంటా వచ్చి, "పేరక్కో! కోటప్ప కోడలికి నెప్పులు! తొందరగా రా!" అని కేక పెట్టింది. కోటప్ప ఉలిక్కిపడ్డాడు, ఆ ఉలికిపాటులో బిళ్ళ చెయ్యి జారి ఎక్కడికో నెత్తి మీదికి పోయింది. సుంకయ్య అప్పటికే ఊపు మొదలెట్టాడు. అయ్యో ఇది తగిలేది కాదురా అని చటుక్కున ఆపుకున్నాడు. కర్ర గాల్లో ఆగిపోయింది. ఆగిన కర్ర బొడ్డు ముందర ఉందా, దాటిందా? "దాటింది! ఔటు!" అని బూరుగుపల్లె. "దాటలా! ఊపే కాదు!" అని చిలకపాడు. అందరూ పేరక్క వైపు తిరిగారు. పేరక్క అంది గదా, "నేను పిలవొచ్చిన మనిషి వైపు చూశాను, ఇటు చూడలా."

ఇంక చూడండి గోల! యల్లమంద ముందుకొచ్చి, "చూడకపోతే ఏముందక్కా, అందరూ చూశారు, దాటింది" అన్నాడు. పేరక్క వాణ్ణి పైనించి కిందకి చూసి, "తట్టేవాడివి నువ్వు, ఊపు గురించి మాట్లాడకు" అని, సుంకయ్య దగ్గరికొచ్చి, "ఒరే సుంకా, అట్టాగే ఉండు. నేను పోయి పురుడు పోసి వస్తా. వచ్చి చూస్తా. ఆగినకాడ కర్ర ఉండాల. వెంట్రుకవాసి కదిలినా ఊపు కిందే లెక్క" అని చెప్పి, సంచి చంకన పెట్టుకుని చకచకా పోయింది. ఆమె పోయింది, ఈయన నిలబడ్డాడు. కర్ర భుజం నించి సగం దూరం వచ్చి గాల్లో, రెండు చేతులూ అడ్డంగా, ఒక కాలు ముందుకి. ఊర్లో గ్రామదేవత బొమ్మలాగా.

"మావా, నువ్వు ఇంటికి పో, మళ్ళీ తాతవి అవబోతున్నావు" అని జనం కోటప్పతో అంటే, "నేను పోతే ఈయన కదుల్తాడు. నేను కదలను" అని ఆయన ఎదురుగానే గొంతుక్కూర్చున్నాడంట. ఎండ ఎక్కింది. సుంకయ్య ఒంటినించి కారిన చెమటకి కాళ్ళ కింద ఇసక తడిసి, చిన్న పిల్లకాలవై పోయి వాగులో కలిసింది. కాకి వచ్చి కర్ర కొన మీద వాలింది. కర్ర కదలకపోతే అది చెట్టే అనుకుంది పాపం, పుల్లలు తెచ్చి గూడు కట్టటం మొదలెట్టింది! ఒక మేక వచ్చి పంచె కొంగు నవుల్తా నిలబడింది. సుంకయ్య రెప్ప వేయలా. ఆడేవాణ్ణి ఎవరూ తాకగూడదని కూడా చట్టం ఉంది, అందుకని బూరుగుపల్లె కుర్రోళ్ళు ఎదురుగా నిలబడి చెవిటి రోశయ్య పళ్ళు ఎగిరినట్టు కోతిచేష్టలు చేసి నవ్వించబోయారు. పొట్ట ఒక్కసారి గుబుక్కుమంది. ఆదెమ్మ దూరంనించి, "నవ్వావంటే నీకూ నాకూ చెల్లు!" అంది. పొట్ట ఆగిపోయింది.

ఇట్టా మధ్యాన్నం దాటింది. యల్లమంద చువ్వలాగా ఉన్నా కళ్ళు గద్దకళ్ళు. సుంకయ్య పొట్ట వైపే చూస్తా చూస్తా, ఉన్నట్టుండి లేచి కోటప్ప చెవిలో, "ఒరే, కొంప మునుగుతా ఉంది. పొద్దున సద్దన్నం తిని వచ్చినప్పుడు వాడి బొడ్డు కుడిపక్కన ఉంది. కర్ర దాన్ని దాటింది, నేను కళ్ళారా చూశా. ఇప్పుడు ఆకలేసి పొట్ట జరగతా ఉంది. బొడ్డు నడిమధ్యకి పోతా ఉంది. ఇంకాసేపైతే కర్ర వెనకబడుద్ది, బొడ్డు ముందుకి పోద్ది!" అన్నాడు. కోటప్ప చూశాడు. నిజమే! పొద్దు వాలినకొద్దీ బొడ్డు అట్టా అట్టా ఎడంపక్కకి నడుస్తా ఉంది. "మరేం చెయ్యాల?" "ఏముంది, తినిపించు. కర్ర కదపొద్దని చట్టం ఉంది గానీ నోరు కదపొద్దని లేదు గదా. కడుపు నిండితే బొడ్డు మళ్ళీ కుడికొస్తది."

ఇంక బూరుగుపల్లె మొత్తం పొయ్యిలు వెలిగినయ్. గోంగూర పచ్చడి వచ్చింది. నెయ్యి వచ్చింది. నాటుకోడి కూర వచ్చింది, ఎట్టా వచ్చిందనుకున్నారు, వాగు అవతల మూత తీస్తే ఇవతల చిలకపాడు కుక్కలన్నీ ఒకేసారి లేచి నిలబడ్డాయంట. కోటప్ప కంచంలో వేడి వేడి అన్నం వేసి, కూర కలిపి, ఇంత లావు ముద్ద చేసి, సుంకయ్య నోటి ముందర పెట్టాడు. "బావా, మా ఊరి వాకిట్లో నిలబడి నువ్వు ఆకలితో ఉంటే మా పరువేం గావాల? నువ్వు చెయ్యి కదపొద్దు. నేనే పెడతా. ఆ..." అన్నాడు. సుంకయ్య ముక్కుపుటాలు రెండూ విచ్చుకున్నాయ్. ఆయన జీవితంలో నోటి ముందుకొచ్చిన ముద్దని ఎప్పుడన్నా కాదన్నాడా? పెళ్ళిలో పెళ్ళికొడుకు ముద్దని కూడా పక్కనించి లాగి తిన్నవాడు! నోట్లో నీళ్ళు ఊరి ఊరి గడ్డం మీదకి కారతా ఉన్నాయ్. పెదాలు వాటంతటవే విడిపోతా ఉన్నాయ్. చిలకపాడు జనం "ఒద్దు సుంకా, ఒద్దు!" అంటా ఉన్నారు, ఆయనకి వినపడలా. ఆయన చెవులు కూడా ఆ కోడికూరనే వింటా ఉన్నాయ్.

అప్పుడు ఆయన కళ్ళు ముద్ద మీదనించి జారి కోటప్ప చేతి మీద పడ్డాయంట. ముద్ద పట్టుకున్న ఐదు వేళ్ళు. ఆ వేళ్ళు చూడగానే ఆదెమ్మ వేళ్ళు గుర్తొచ్చాయ్. మిరపతోట గట్టు మీద కూర్చుని, బొబ్బలెక్కిన రెండు చేతులూ గాల్లో పైకెత్తి పట్టుకుని, చంటిబిడ్డలాగా నోరు తెరిచిన ఆదెమ్మ. ఇట్టాగే ఆమె నోటి ముందర తను ముద్ద పెట్టాడు. అప్పుడు ఆమె తినలేక తినలేక తింది, కళ్ళనిండా నీళ్ళతో. అంతే. సుంకయ్య టపీమని నోరు మూశాడు. ఆ మూసిన చప్పుడికి కర్ర మీద కాకి లేచిపోయింది. "తిను బావా" అంటే మూసిన నోరు మూసినట్టే. "ఒక్క ముద్ద, మా కోడలి మీద ఒట్టు" అంటే కళ్ళు కూడా మూసుకున్నాడు. కోటప్ప ముద్ద పట్టుకుని నిలబడే ఉన్నాడు, ఈయన నోరు మూసుకుని నిలబడే ఉన్నాడు, దూరంగా ఆదెమ్మ చెంగు నోట్లో కుక్కుకుని చూస్తా ఉంది.

అంతలో పేరక్క వచ్చింది. వస్తా వస్తానే, "ఒరే కోటప్పా, మనవరాలు! ముక్కు నీదే, పాపం" అని అరిచింది. కోటప్పకి ఆ సంతోషంలో ఏం చెయ్యాలో తెలవక, చేతిలో ముద్ద తన నోట్లోనే పెట్టుకుని ఏడవటం మొదలెట్టాడు. జనమంతా నవ్వుతా ఉంటే పేరక్క వాగులో చేతులు కడుక్కుని, చెంగుకి తుడుచుకుని, సుంకయ్య ముందుకొచ్చి వంగింది. బొటనవేలు బొడ్డు మీద పెట్టింది. ఒక కన్ను మూసింది. కర్ర వంక చూసింది.  "దాటలా," అంది పేరక్క. "బొటనవేలంత తక్కువుంది. ఊపు కాదు." చిలకపాడు జనం అరిచిన అరుపుకి కొండల్లో జింకలకి గర్భాలు జారినయ్యంటే నమ్మండి. యల్లమంద గంతేసి, "పొద్దున దాటింది పేరక్కా! బొడ్డు జరిగింది!" అన్నాడు. "పొద్దున నేను చూడలా. ఇప్పుడు చూశా. చూసిందే చెబుతా. ఇంట్లో కూర్చుని నా మీద ఏమనుకుంటావో అనుకో. మూడో ఊపు మిగిలుంది, బిళ్ళ ఎయ్యండి."

ఇక్కడే అసలు కష్టమొచ్చింది. సుంకయ్య చేతులు దించబోతే దిగలా. భుజాలు కట్టెలైపోయినయ్. ముందుకీ పోవు, వెనక్కీ పోవు. ఆగిన కర్ర ఆగినట్టే బిగిసిపోయింది. "ఆవదం రాద్దాం, ఆగండి" అంటే "పొద్దు పోతా ఉంది, ఆగేది లేదు" అని బూరుగుపల్లె. కోటప్ప మాత్రం కళ్ళు తుడుచుకుని, బిళ్ళ చేతిలోకి తీసుకుని, "బావా, మనవరాలు పుట్టిన పూట దొంగబిళ్ళ వెయ్యను. నడిమధ్యలో వేస్తా. కాస్కో" అన్నాడు. అన్నట్టే వేశాడు, దేవుడికి హారతిచ్చినట్టు సూటిగా వచ్చింది బిళ్ళ. సుంకయ్య చేతులు కదలవు. మరి కదిలేదేంది? కాళ్ళు! మడమ ఇసకలో పాతి, నడుం, పొట్ట, మెడ, తల, చేతులు, కర్ర మొత్తం కలిపి గిర్రున తిరిగాడయ్యా, కుమ్మరి సారె తిరిగినట్టు! పొట్ట ఖాళీగా ఉంది గదా, తేలిగ్గా తిరిగింది. ఫెటేల్! ఆ చప్పుడికి పుట్టిన పిల్ల బూరుగుపల్లెలో ఉలిక్కిపడి లేచిందంట. బిళ్ళ లేచింది. ఈతచెట్టు దాటింది. బూరుగుపల్లె దాటింది. గాల్లో పోయే కొంగలు పక్కకి తప్పుకుని దారిచ్చినయ్. కొండ మీద మబ్బుకి తగిలి మబ్బు చిరిగి నాలుగు చినుకులు పడ్డాయ్. ఎక్కడ పడిందో పడటం ఎవరూ చూడలా. సుంకయ్య మాత్రం ఆగలేక ఇంకా తిరగతానే ఉన్నాడు, పదిమంది పట్టుకుని ఆపారు.

చిలకపాడు డప్పులందుకుంది. రోశయ్య బోసినోటితో ఈలెయ్యబోయి ఎదురుగా ఉన్నోళ్ళందరికీ స్నానం చేయించాడు. అప్పుడు యల్లమంద రెండు చేతులూ ఎత్తి, "ఆగండాగండి! దెబ్బ బాగుంది, కాదన్లా. కానీ కర్ర బొడ్డు దాటిందా?" అన్నాడు. డప్పులు ఆగినయ్. అందరూ సుంకయ్య వంక చూశారు. సుంకయ్య కూడా వంగి తన బొడ్డు వంక చూసుకున్నాడు. కర్ర ఎక్కడుంది? బొడ్డుకి బొటనవేలంత ఇవతల, పొద్దుటినించీ ఉన్నచోటే ఉంది. కర్ర తిరిగింది నిజమే, దాంతో పాటు బొడ్డు కూడా తిరిగింది గదా! రెండూ కలిసి తిరిగితే ఇది దాన్ని ఎట్టా దాటుద్ది? పేరక్క వచ్చి మళ్ళీ బొటనవేలు పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. "దాటలా," అంది, ఈసారి గొంతు మెత్తగా. "ఊపు కాదు. ఊపు కాకపోతే దెబ్బ చెల్లదు." ఆదెమ్మ ఉన్నపళాన ఇసకలో కూలబడిపోయింది. సుంకయ్య ఆమె వంకే చూశాడు. బూరుగుపల్లె జనం ఎగరటం మొదలెట్టారు. పేరక్క వాళ్ళ మీద విరుచుకుపడింది. "ఏందిరా ఎగురుతారు, బుద్ధిలేదా! ఊపు కాదన్నానే గానీ ఔటన్నానా? మూడో ఊపు ఇంకా మిగిలే ఉంది. బిళ్ళ తెండి, మళ్ళీ ఎయ్యండి!"

బిళ్ళ ఏది? ఇంకో బిళ్ళ చెక్కుదాం అంటే కుదరదు. ఒక ఆటకి ఒకటే బిళ్ళ. ఒక కొన ఆ ఊరోళ్ళు చెక్కాల, రెండో కొన ఈ ఊరోళ్ళు చెక్కాల, అదే బిళ్ళతో ఆట ముగియాల, లేకపోతే మోసాలు జరుగుతాయని చట్టం. బూరుగుపల్లె మొత్తం కదిలింది. కంపల్లో వెతికారు, గడ్డివాముల్లో వెతికారు, కొండెక్కి వెతికారు. తెల్లారి వెతికారు, ఆ తెల్లారి వెతికారు. లేదు. విత్తే అదనేమో జారిపోతా ఉంది. యల్లమందకి లోపల ఆనందంగానే ఉంది, మాకు రాకపోతే పోయింది, వాళ్ళకీ రాలేదు గదా అని. అప్పుడు సుంకయ్య పేరక్క దగ్గరికొచ్చాడు. ఆదెమ్మ ఆవదం రాసి రాసి చేతులు కాస్త వంచిందిలే అప్పటికి. "అక్కా," అన్నాడు, "నా వంతు అవలేదంటావు గదా?" "అవలా" అంది. "వంతు అయిందాకా నేను తిన్నె మీదే నిలబడాల గదా, కర్ర పట్టుకుని?" "నిలబడాల. నువ్వు పోతే వదులుకున్నట్టు." "మరి ఊరికే నిలబడలేనక్కా. నా చేతులు ఊరుకోవు. బిళ్ళ వచ్చిందాకా నిలబడ్డచోట నాలుగు గింజలు గుచ్చుకుంటా. గుచ్చగూడదని చట్టముందా?" పేరక్క ఆయన మొహంలోకి చూసింది, పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి, "నీకు బొడ్డు కోసినప్పుడు బుర్ర ఉందో లేదో చూడలేదురా, ఉంది!" అంది. యల్లమంద వేళ్ళ మీద చట్టం మొత్తం మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. చట్టంలో అట్టాంటి మాట లేదు.

ఇంకేముంది, ఆ కర్రతోనే ఇసకలో గుంటలు పొడిచాడు సుంకయ్య, వెనకాలే ఆదెమ్మ గింజలేసింది. ఆ యేడు కాసిన కాయల గురించి నేను చెప్పను, చెబితే మీరు నన్ను కోతలరాయుడంటారు. ఒక్క ముక్క చెబుతా: ఒక కాయ దొర్లిపోయి వాగుకి అడ్డం పడితే, రెండూళ్ళూ దాని మీద నడిచి రాకపోకలు సాగించినయ్. పై యేడు మళ్ళీ ఆడదామంటే పాత ఆట ముగియందే కొత్త ఆట మొదలెట్టగూడదు గదా. ఆ పై యేడూ అంతే. బూరుగుపల్లె వాళ్ళు ఎండాకాలం రాగానే బిళ్ళ వెతకటానికి మనుషుల్ని పంపేవాళ్ళు, అందరికంటే ముందు బయలుదేరేది కోటప్పేనంట. పొద్దున పోయినవాడు మధ్యాన్నానికి మనవరాలి కోసం చంకలో పుచ్చకాయతో తిరిగొచ్చేవాడు. బిళ్ళ దొరికిందా కోటప్పా అని యల్లమంద అడిగితే, ముందు కాయ కొయ్యి మావా, నోరెండిపోయింది, అనేవాడంట. ఇప్పటికీ నక్కలవాగు తిన్నె మీద పాదు చిలకపాడు వాళ్ళదే, పోయి చూసుకోండి. సుంకయ్య పోయి చాన్నాళ్ళయింది. పోయాడు గానీ నాయనా, ఔటు మాత్రం అవలా.